ఎనిమిది కణాల దగ్గర ఆగిపోయిన పిండాలు: ఆ మూడో రోజు లోపల ఏం జరుగుతుంది?

వెన్నెల_కూకట్‌పల్లి
శనివారం, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. పోయిన నెలలో మాకు మొదటి ఐవీఎఫ్ అయింది. తొమ్మిది అండాలు తీశారు, ఏడు పక్వానికి వచ్చాయన్నారు. ఇక్సీ (వీర్యకణాన్ని సూదితో నేరుగా అండంలోకి ఎక్కించడం) చేస్తే ఆరు ఫలదీకరణ చెందాయి. మూడో రోజు ఫోన్ చేసి ఐదు పిండాలు ఆరు నుంచి ఎనిమిది కణాల దాకా వచ్చాయి, చాలా బాగున్నాయి అన్నారు. ఆ రోజు మా ఇంట్లో సేమ్యా పాయసం చేసుకున్నాం.

ఐదో రోజు పొద్దున మళ్లీ ఫోన్. ఒక్కటి కూడా బ్లాస్టోసిస్ట్ (ఐదో రోజుకు చేరాల్సిన దశ) కాలేదు, ట్రాన్స్‌ఫర్ లేదు, అంటే గర్భాశయంలో పెట్టడానికేం లేదు, రానక్కర్లేదు అన్నారు. రిపోర్టులో ఒకటే మాట ఉంది, ‘అరెస్టెడ్’, ఎదుగుదల ఆగిపోయిందని. ఎందుకలా అయిందని అడిగితే, ‘అప్పుడప్పుడు అవుతుందమ్మా, వచ్చే నెల మళ్లీ చూద్దాం’ అంటూనే తర్వాతి పేషెంట్‌ని పిలిచేశారు.

నా వయసు 33. నా రిపోర్టులు నార్మల్, మావారివీ నార్మల్ అన్నారు. మాది మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. అండాలు తీసిన రోజు మధ్యాహ్నం నేను మెట్లెక్కి ఇంటికి రావడం వల్లే ఇలా అయిందని మా అత్తయ్య నమ్ముతున్నారు. రాత్రిళ్లు నాకూ అదే అనిపిస్తోంది.

నేను బీకాం. సైన్స్ పదో తరగతితో ఆగిపోయింది. నాకిప్పుడు ధైర్యం చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, కారణం చెప్పేవాళ్లే లేరు. ఆ మూడో రోజు పిండం లోపల అసలు ఏం జరుగుతుంది? ఐదూ ఒక్క చోటే ఎందుకు ఆగాయి?

—

మల్కాజిగిరి_మామ్మ
శనివారం, రాత్రి 10:58

అమ్మాయ్, ప్రసూతి వార్డులో ముప్ఫై ఏళ్లకు పైగా నర్సుగా చేసి రిటైరయ్యాను. ముందు ఒక్క సంగతి. ఆ ఐదు రోజులూ నీ పిండాలు ఎక్కడున్నాయి? ల్యాబులో, ఇంక్యుబేటర్‌లో. నువ్వెక్కింది మీ ఇంటి మెట్లు. నీ కడుపులో లేని పిండాలకు నీ మెట్లు ఎలా తగులుతాయి తల్లీ? మిగతాది చదువుకున్నవాళ్లు చెప్తారు. ఇది మాత్రం రేపు పొద్దున కాఫీ దగ్గరే మీ అత్తగారికి చెప్పు.

—

ల్యాబ్_దీపం
శనివారం, రాత్రి 11:35

వెన్నెల గారూ, నేను ఎంబ్రియాలజిస్ట్‌ని. నగరంలోనే పదకొండేళ్లుగా పిండాలను చూస్తున్నాను. మీ కేసు నేను చూడలేదు కాబట్టి మీ పిండాలు ఫలానా కారణంతోనే ఆగాయని చెప్పలేను. కానీ ఆ చోటు గురించి చెప్పగలను. ఆరు, ఎనిమిది కణాల దగ్గర ఆగడం మేం బాగా ఎరిగిన విషయం.

మనిషి పిండం లెక్క ఇది. ఫలదీకరణ జరిగిన 16, 18 గంటలకు అండంలో రెండు కేంద్రకాలు పక్కపక్కన కనిపిస్తాయి, ఒకటి అమ్మది, ఒకటి నాన్నది. రెండో రోజుకు నాలుగు కణాలు, మూడో రోజుకు ఎనిమిది. నాలుగో రోజు కణాలన్నీ ఒకదానికొకటి అతుక్కుని ముద్దలా అవుతాయి. ఐదో రోజు లోపల నీరు చేరి బ్లాస్టోసిస్ట్ అవుతుంది.

మూడో రోజు దాకా పిండం దాదాపుగా అండం దాచిపెట్టిన సరుకు మీదే నడుస్తుంది. కణాలు విడిపోవడానికి కావాల్సినవన్నీ అండంలోనే ఉంటాయి. అందుకే సొంత జన్యువులు సరిగ్గా మేలుకోని పిండం కూడా ఆరు, ఎనిమిది కణాల దాకా చూడముచ్చటగా రాగలదు. మీకు మూడో రోజు ‘బాగున్నాయి’ అని చెప్పినవాళ్లు అబద్ధం చెప్పలేదు. మైక్రోస్కోప్‌లో చూస్తే బాగానే ఉంటాయి. మాకు కనిపించేది కణాల సంఖ్య, వాటి ఆకారం. లోపల జన్యువులు మేలుకున్నాయో లేదో మాకు కనపడదు. ఫలదీకరణ చెందిన వాటిలో దాదాపు సగం ఐదో రోజుకు చేరవు. సగం పోవడం మామూలే, ఐదుకు ఐదూ పోవడం మాత్రం కారణం అడగాల్సిన విషయం. మీరు అడిగింది న్యాయమే.

—

సంధ్యారాగం
ఆదివారం, ఉదయం 6:20

వెన్నెలా, రెండేళ్ల కిందట నాకూ ఇలాగే. నాలుగు పిండాలు, నాలుగూ మూడో రోజు ఆగాయి. ఫోన్ వచ్చినప్పుడు నేను అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో ఉన్నాను. మూడు రైళ్లు వదిలేశాను. నీ పోస్టు చూసి నిద్ర పట్టలేదు. ఇక్కడ చెప్పే ప్రతి మాటా నేనూ చదువుతాను.

—

హబ్సిగూడ_అణువు
ఆదివారం, ఉదయం 9:15

నేను హబ్సిగూడ వైపు ఒక ల్యాబులో పీహెచ్‌డీ చేస్తున్నాను. నాది ఎలుక అండాల మీద పని. డాక్టర్‌ని కాదు. దీపం మేడం ‘దాచిపెట్టిన సరుకు’ అన్నారు కదా, ఆ సరుకు కథ చెప్తాను. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మా అమ్మమ్మ వాళ్లింట్లో మే నెలలో ఆవకాయ పెట్టేవాళ్లు. మామిడికాయలు దొరికే నాలుగు వారాల్లోనే ఏడాదికి సరిపడా పెట్టి, జాడీకి వాసెన కట్టి అటక మీద పెట్టాలి. వానలు మొదలయ్యాక కాయ దొరకదు. అండం చేసేది కూడా అదే.

వెన్నెల గారి అండాలు ఆవిడ తన తల్లి కడుపులో ఉన్నప్పుడే తయారయ్యాయి. ఐదో నెల పిండంలో అరవై, డెబ్భై లక్షలు ఉంటాయి. పుట్టేసరికి పది, ఇరవై లక్షలు. రజస్వల అయ్యేసరికి మూడు, నాలుగు లక్షలు. జీవితం మొత్తంలో నాలుగైదు వందలే విడుదలవుతాయి. అన్నీ కణవిభజన మధ్యలో ఆగి, ఏళ్ల తరబడి అలాగే ఉంటాయి. వాటిలో ఒకటి పెరగడం మొదలైనప్పుడు దానికి మామిడికాయ సీజన్ వచ్చినట్టు. అప్పుడు జన్యువులు జోరుగా పని చేస్తాయి. జన్యువు చెప్పే కబురును ఎంఆర్‌ఎన్‌ఏ అంటారు. కరోనా టీకా పుణ్యమా అని ఈ పేరు ఇప్పుడు అందరికీ తెలుసు. ఆ కబురు చదివి కణం ప్రొటీన్ తయారు చేసుకుంటుంది. పెరిగే అండం వేల రకాల ఎంఆర్‌ఎన్‌ఏలు తయారుచేసి దాచుకుంటుంది. రైబోజోములు (ప్రొటీన్ తయారుచేసే యంత్రాలు), ప్రొటీన్లు, లక్షకు పైగా మైటోకాండ్రియా (కణానికి శక్తినిచ్చేవి) కూడా పోగేసుకుంటుంది. అందుకే అండం శరీరంలోకెల్లా పెద్ద కణం, మిల్లీమీటరులో పదో వంతు. కళ్లు మంచివైతే మైక్రోస్కోప్ లేకుండానే చుక్కలా కనిపిస్తుంది.

పూర్తిగా ఎదిగాక సీజన్ అయిపోతుంది. క్రోమోజోములు ముడుచుకుని జన్యువులన్నీ మూగబోతాయి. ఆ తర్వాత అండం పక్వం కావడం, విడుదల కావడం, వీర్యకణం చేరడం, మొదటి విభజనలు, అన్నీ జాడీలో ఉన్నదానితోనే జరగాలి. కొత్త కబురు రాదు.

ఇక్కడ నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించే సంగతి ఒకటి. జాడీలన్నీ ఒకేసారి తెరవరు. ప్రతి ఎంఆర్‌ఎన్‌ఏకి చివర ఒక తోక ఉంటుంది. అడెనిన్ అనే అక్షరమే వరసగా రాసినట్టుంటుంది. దాచిన వాటికి తోక పొట్టిగా కత్తిరించి ఉంటుంది, అంటే వాసెన కట్టి ఉన్నట్టు, కణం దాన్ని చదవదు. అవసరం వచ్చినప్పుడు తోక పొడుగవుతుంది, చదవడం మొదలవుతుంది. ఏ జాడీ ఏ గంటకు తెరవాలో ఎంఆర్‌ఎన్‌ఏ మీదే గుర్తు రాసి ఉంటుంది. సీపీఈబీ1 అనే ప్రొటీన్ ఆ గుర్తును పట్టుకుంటుంది. అండం పక్వమయ్యాక వీర్యకణం కోసం ఆగి ఉండడానికి మాస్ అనే ప్రొటీన్ కావాలి. అది ఇలా తెరిచిన జాడీల్లో ఒకటి.

ఇక మూడో రోజు. కొత్త మామిడికాయలు వచ్చే వేళ అదే. అమ్మ క్రోమోజోములు, నాన్న క్రోమోజోములు కలిసి మొదటిసారి సొంతంగా గట్టిగా కబుర్లు పంపుతాయి. దీన్ని పిండం జన్యువుల మేల్కొలుపు అనుకోండి. మనిషిలో ఇది నాలుగు, ఎనిమిది కణాల మధ్య జరుగుతుందని 1988లో ఇంగ్లండ్‌లో పీటర్ బ్రాడ్ బృందం చూపించింది. డెత్ క్యాప్ అనే విషపు పుట్టగొడుగులో ఉండే అమానిటిన్ అనే పదార్థం కొత్త ఎంఆర్‌ఎన్‌ఏ తయారీని ఆపేస్తుంది. అది వేసినా మనిషి పిండం నాలుగు కణాల దాకా విభజన చెందింది. అంటే అప్పటి దాకా సొంత కబురు అవసరమే లేదు. ఆ తర్వాత మాత్రం ముందుకు సాగలేదు.

వెన్నెల గారూ, మీ ఐదు పిండాలూ ఆగిన చోటు ఇదే.

—

దిల్‌సుఖ్‌నగర్_జువాలజీ
ఆదివారం, ఉదయం 10:05

అణువు గారూ, పందొమ్మిదేళ్లుగా ఇంటర్ పిల్లలకు పాఠం చెప్తున్నాను. ‘ఫలదీకరణతో కొత్త జీవి జన్యువులు పని మొదలుపెడతాయి’ అని ఒక్క వాక్యంలో చెప్పి క్లీవేజ్ (పిండం కణాలుగా విడిపోవడం) బొమ్మ గీసేదాన్ని. మధ్యలో మూడు రోజుల మౌనం ఉందని నేను చెప్పనే లేదు. ఈ వారమే సరి చేసుకుంటాను.

ఒక సందేహం. కొత్త కబుర్లు మొదలైతే చాలదా? పాత సరుకు అలాగే ఉంటే నష్టమేంటి?

—

హబ్సిగూడ_అణువు
ఆదివారం, ఉదయం 10:40

చాలా నష్టం మేడం. అడుగున పాత ఆవకాయ ఉండగా, తడి ఆరకుండా కొత్తది పెడితే ఏమవుతుంది? బూజు. ఆ దాచిన కబుర్లన్నీ ‘నువ్వు అండానివి’ అని చెప్పేవి. అవి పోతే గానీ ఆ కణం ఇంకేదైనా అవలేదు. ఎలుకలో రెండు కణాల దశ ముగిసేసరికి అండం నాటి ఎంఆర్‌ఎన్‌ఏలో దాదాపు 90 శాతం చెరిగిపోతుంది. ఊరికే పాడైపోయి కాదు, వరస ప్రకారం, పనిగట్టుకుని చెరిపేస్తుంది. బీటీజీ4 అనే ప్రొటీన్, తోకలు కత్తిరించే ఒక యంత్రాంగాన్ని వెంటబెట్టుకొచ్చి ఒక్కో ఎంఆర్‌ఎన్‌ఏ మీద కూర్చోబెడుతుంది. తోక పోయాక ఎంఆర్‌ఎన్‌ఏ నిలవదు. బీటీజీ4 కూడా జాడీలోంచి తీసిందే! జాడీని కడిగే పీచు కూడా ఆ జాడీలోనే దాచినట్టు.

బీటీజీ4 జన్యువు రెండు ప్రతులూ దెబ్బతిన్న కొందరు మహిళలను 2020లో గుర్తించారు. వాళ్లు ఆరోగ్యంగానే ఉన్నారు. అండాలు వస్తాయి, ఫలదీకరణ కూడా అవుతుంది, కానీ ఆ ఒక్క కణం రెండు కాదు. చెరపడం జరక్కపోతే మొదలవడం కూడా జరగదని ఇంతకన్నా స్పష్టంగా ఎవరు చెప్పగలరు? వెన్నెల గారి పిండాలు ఎనిమిది దాకా వచ్చాయి కాబట్టి ఇది ఆవిడ సంగతి కాదు.

నా పోలిక ఒక చోట సరిపోదు, అదీ చెప్పాలి. చెరపడం రెండు విడతలు. మొదటి విడత అండం సొంత సరంజామాతో. రెండో విడతకు, కొత్తగా మేలుకున్న జన్యువుల నుంచి వచ్చిన ప్రొటీన్లు కావాలి. అంటే మిగిలిన జాడీ కొత్తకాపు వచ్చి కడుగుతుంది. అక్కడ ఆవకాయ పోలిక ఆగిపోతుంది.

—

మోడరేటర్
ఆదివారం, ఉదయం 11:30

అండం నాణ్యత పెంచుతుందంటూ ఒక పౌడర్ ఫోన్ నంబరుతో సహా పెట్టిన రెండు పోస్టులు తీసేశాను. ఆస్పత్రుల పేర్లు, డాక్టర్ల పేర్లు ఎవరూ రాయకండి. చర్చ కొనసాగించండి.

—

రాజేంద్రనగర్_పశువైద్యం
ఆదివారం, మధ్యాహ్నం 1:10

నేను పశువైద్యుడిని. మేం బర్రె పిండాల మీద పని చేస్తాం. మా దగ్గర రోజు తెల్లవారుజామున మొదలవుతుంది. కబేళాలో తీసిన అండాశయాలను గోరువెచ్చని సెలైన్ పోసిన థర్మాస్‌లో పెట్టుకుని మోటార్‌సైకిల్ మీద తెస్తాం. చల్లబడితే అంతే సంగతులు, అందుకని దారిలో టీ కూడా తాగం. ల్యాబులో 18 గేజ్ సూదితో, మిల్లీమీటర్లలో ఉండే చిన్న చిన్న నీటి బుడగల్లోంచి అండాలు లాగుతాం. చుట్టూ కణాలు మబ్బులా పొదిగి ఉన్నవే మంచివి. బోడిగా ఉన్నవి పక్కన పెట్టేస్తాం.

అణువు గారు చెప్పిన మేల్కొలుపు జంతువును బట్టి మారుతుంది. ఎలుకలో రెండు కణాల దగ్గర, పందిలో నాలుగు, మనిషిలో నాలుగు నుంచి ఎనిమిది. ఆవులో, గొర్రెలో ఎనిమిది నుంచి పదహారు.

నేను చెప్పదలచుకున్నది వేరే. 1980లలో ఆవు పిండాలను ల్యాబులో పెంచితే సరిగ్గా ఎనిమిది, పదహారు కణాల దగ్గర ఆగిపోయేవి. అప్పట్లో ఏం చేసేవాళ్లో తెలుసా? ఆ ఆవు పిండాలను తీసుకెళ్లి గొర్రె అండవాహికలో కొన్ని రోజులు పెట్టేవాళ్లు. అక్కడ ఆ గండం దాటేవి! తర్వాత తీసి ఆవులో పెట్టేవాళ్లు. అంటే లోపం పిండంలో లేదు, అది పెరిగిన ద్రావణంలో ఉంది. ద్రావణాలు మెరుగయ్యాక గొర్రెల అవసరం తీరిపోయింది. ఎలుకకూ ఇలాగే రెండు కణాల దగ్గర ఆగే రోజులున్నాయి. ఏ జంతువు పిండమైనా ల్యాబు సరిపడకపోతే, సొంత జన్యువులు మేలుకునే చోటే ఆగుతుంది.

కాబట్టి వెన్నెల గారూ, మూడో రోజు ఆగిందనగానే ‘నా అండాల్లోనే లోపం’ అనుకోకండి. ఆ సమయంలో పిండం చాలా సున్నితంగా ఉంటుంది. ల్యాబు గురించి అడగడానికి మీకు పూర్తి హక్కుంది.

—

ల్యాబ్_దీపం
ఆదివారం, మధ్యాహ్నం 3:25

డాక్టర్ గారు చెప్పిన గొర్రె సంగతి నిజం, మా చదువులో కూడా ఉంది. ఇప్పటి ద్రావణాలు అప్పటివి కావు. అయినా ల్యాబు పాత్ర లేదని ఒక ఎంబ్రియాలజిస్ట్‌గా నేను అనను. 37 డిగ్రీల వేడి, 5, 6 శాతం కార్బన్ డయాక్సైడ్, 5 శాతం ఆక్సిజన్, వీటిలో ఏది కాస్త అటూ ఇటూ అయినా పిండానికి తెలుస్తుంది. మేం ఇంక్యుబేటర్ తలుపు తీసే ప్రతిసారీ సెకన్లు లెక్కపెట్టుకుంటాం.

వెన్నెల గారూ, మీరు వెళ్లి అడగండి: అదే వారంలో, అదే ఇంక్యుబేటర్‌లో ఉన్న వేరేవాళ్ల పిండాలు ఐదో రోజుకు చేరాయా? పేర్లు అక్కర్లేదు, ఎన్ని చేరాయో చెబితే చాలు. అవి మామూలుగానే చేరితే ల్యాబు కారణం కాకపోవచ్చు. వాళ్లవీ ఆగితే ఆ ల్యాబే చూసుకోవాలి. మంచి ల్యాబు ఈ లెక్క దాచదు.

రెండోది, మీవారి రిపోర్టు నార్మల్ అన్నారు. మామూలు వీర్య పరీక్షలో సంఖ్య, కదలిక, ఆకారం చూస్తారు. లోపలి డీఎన్‌ఏ ముక్కలై ఉందో లేదో అందులో తెలియదు. అండానికి కొంత మరమ్మతు చేసే శక్తి ఉంది, కానీ నష్టం ఎక్కువైతే, నాన్న జన్యువులు పని మొదలుపెట్టే మూడో రోజు తర్వాత బయటపడుతుంది. దానికి డీఎన్‌ఏ ఫ్రాగ్మెంటేషన్ అని వేరే పరీక్ష ఉంది. ఒక్కోసారి మొదటి మూడు రోజులు అన్నీ బాగుండి, ఆ తర్వాత అన్నీ కలిసి ఆగితే మేం దీని గురించి ఆలోచిస్తాం.

మూడోది క్రోమోజోముల లెక్క తప్పడం. వయసుతో పెరుగుతుంది. 33కి ఐదూ అలా కావడం అంత సులువు కాదు, అయినా కొట్టిపారేయలేం.

—

కొండాపూర్_తండ్రి
ఆదివారం, సాయంత్రం 4:50

దీపం మేడం రెండో పాయింట్ చదివి రాస్తున్నాను. మూడేళ్లు మా ఆవిడ ఒక్కతే అన్ని పరీక్షలూ చేయించుకుంది, సూదులన్నీ తనకే. నాది ‘నార్మల్’ అన్న ఒక్క కాగితం పట్టుకుని నేను బయట కుర్చీలో కూర్చున్నాను. ఆ రెండో పరీక్ష నన్ను ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. చేయించుకున్నాక తెలిసింది. సిగరెట్ మానేశాను, వెరికోసీల్‌కి (వృషణాల దగ్గర నరాలు ఉబ్బడం) ఆపరేషన్ అయింది. మాకిప్పుడు పద్నాలుగు నెలల పాప. అందరికీ ఇలాగే జరుగుతుందని చెప్పడం లేదు. వెన్నెల గారి భర్త ఇది చదివితే, అన్నా, నువ్వు ముందు వెళ్లి ఆ పరీక్ష రాయించుకో.

—

సంధ్యారాగం
ఆదివారం, రాత్రి 8:15

దీపం మేడం, అప్పట్లో నన్ను తినేసిన ప్రశ్న ఇది. ఐదో రోజు దాకా ఆగకుండా మూడో రోజే లోపల పెట్టేసి ఉంటే నా పిండాలు బతికేవా?

—

ల్యాబ్_దీపం
ఆదివారం, రాత్రి 9:00

సూటిగా చెప్తాను. జన్యువులు మేలుకోని పిండం గర్భాశయంలో ఉన్నా మేలుకోదు. మూడో రోజు పెట్టి ఉంటే మీరు రెండు వారాలు ఆశతో ఎదురుచూసి, చివర్లో బీటా హెచ్‌సీజీ (గర్భం నిలిచిందో లేదో చెప్పే రక్త పరీక్ష) నెగెటివ్ చూసేవారు. చాలా కేసుల్లో తేడా అంతే. అయితే పశువైద్యం డాక్టర్ గారు చెప్పినట్టు, ల్యాబు వాతావరణం పడని పిండం ఒకటో రెండో లోపల బతికే అవకాశం ఉంటుంది. అందుకే పిండాలు ఒకటి రెండే ఉన్నప్పుడు, లేదా ముందుసారి అన్నీ ఆగిపోయినప్పుడు, మూడో రోజే పెట్టడం గురించి డాక్టర్‌తో మాట్లాడతాం. మీరు చేసినదాంట్లో తప్పు లేదు సంధ్య గారూ.

మోడరేటర్ తీసేసిన పౌడర్ పోస్టులు నేను చూశాను. పిండం జన్యువులను మేలుకొలిపే పౌడర్‌గానీ మాత్రగానీ ఏదీ లేదు. ఉంటే అందరికన్నా ముందు మా ల్యాబులో ఉండేది.

—

హబ్సిగూడ_అణువు
ఆదివారం, రాత్రి 11:20

మేలుకొలుపు అన్న మాట వచ్చింది కాబట్టి ఇంకొంచెం. ఎవరు లేపుతారు? అండం దాచిన ప్రొటీన్లే ముందుగా తలుపు తీస్తాయి. మనిషిలో డక్స్4 అనే ప్రొటీన్ పాత్రను 2017లో గుర్తించారు. అది నాలుగు కణాల దశలో కొద్ది గంటలు కనిపించి, ఎనిమిది కణాల నాటి జన్యువులు కొన్నింటిని లేపి వెళ్లిపోతుంది. వాటితో పాటు, మన డీఎన్‌ఏలో ఎప్పుడో కోట్ల ఏళ్ల కిందట చేరిన వైరస్‌ల శిథిలాలను కూడా లేపుతుంది. మన డీఎన్‌ఏలో దాదాపు 8 శాతం అలాంటివే. మామూలుగా కణం వాటిని నోరెత్తనివ్వదు. కానీ సరిగ్గా ఈ దశలో మాత్రం వాటికి మాట్లాడే వంతు వస్తుంది. ఎలుకలో రెండు కణాల దశలో కూడా ఇదే తంతు. ఒకప్పుడు బయటినుంచి వచ్చినవే ఇప్పుడు పిండం మొదటి మాటల్లో భాగమయ్యాయి.

డక్స్4 పని అయ్యాక తప్పుకోవాలి. అదే ప్రొటీన్ పెద్దయ్యాక కండరాల్లో మేలుకుంటే ముఖం, భుజాల కండరాలు క్షీణించే ఒక జబ్బు వస్తుంది. సరైన గంటకు రావడం ఎంత ముఖ్యమో వెళ్లిపోవడమూ అంతే.

ఒక్క ప్రొటీన్ మీదే అంతా ఆధారపడి ఉందనుకోకండి. ఎలుకలో దీనికి సమానమైన జన్యువు తీసేసినా కొన్ని పిల్లలు పుట్టాయి. ఒకే పనికి ఇద్దరు ముగ్గురు మనుషులున్నట్టు ఏర్పాటు ఉంది. నిశ్శబ్దం కూడా నూటికి నూరుపాళ్లు కాదు. మనిషి పిండం ఒక కణంగా ఉన్నప్పుడే కొన్ని వందల జన్యువులు సన్నగా మాట్లాడతాయని 2022లో చూపించారు. గట్టిగా మాట్లాడేది మాత్రం ఎనిమిది కణాల దగ్గరే.

సంధ్య గారికి, వెన్నెల గారికి ఒక జన్యు విషయం. ఎలుకలో మేటర్ అనే జన్యువు లేని తల్లులను 2000లో గమనించారు. తల్లి ఆరోగ్యంగా ఉంటుంది, పిండాలు మాత్రం రెండు కణాల దగ్గర ఆగిపోతాయి. తండ్రి ఎంత మంచి ప్రతి ఇచ్చినా లాభం లేదు, ఎందుకంటే ఆ ప్రొటీన్ అండంలో ముందే దాచి ఉండాలి. మనుషుల్లోనూ టీఎల్ఈ6, పీఏడీఐ6 వంటి జన్యువుల్లో ఇలాంటి లోపాలు కనిపెట్టారు. ఇవి అరుదు. ఒక్కసారి ఆగినందుకు ఎవరూ ఈ పరీక్షలకు పరుగెత్తనక్కర్లేదు. రెండు, మూడు సార్లు ఒకే చోట ఆగితే అప్పుడు జెనెటిక్స్ డాక్టర్‌ను అడగాలి.

—

మల్కాజిగిరి_మామ్మ
సోమవారం, ఉదయం 5:50

అబ్బాయ్ అణువూ, నాలుగున్నరకే లేచి నీ పోస్టులన్నీ రెండుసార్లు చదివాను. మా ఉద్యోగం రోజుల్లో పిల్లలు కలగని ఆడపిల్ల వస్తే అందరూ ఆమె వైపే వేలు చూపేవాళ్లు. ‘ఏం తిన్నావు, ఎక్కడ తిరిగావు’ అని. ఆ ప్రశ్నలు నేనూ అడిగాను. మూడు రోజులు అమ్మ అండం ఒక్కటే మొత్తం సంసారాన్ని మోస్తుందని అప్పుడు ఎవరైనా నాకు చెప్పి ఉంటే, ఆ పిల్లలతో వేరేలా మాట్లాడేదాన్ని.

—

రాజేంద్రనగర్_పశువైద్యం
సోమవారం, ఉదయం 7:30

జువాలజీ మేడం, మీ పిల్లలకు చూపించాలంటే ఒక సలహా. సెప్టెంబరు 26న సీఎస్‌ఐఆర్ (కేంద్ర ప్రభుత్వ పరిశోధన మండలి) స్థాపక దినం సందర్భంగా, దాని కిందే మన ఊళ్లో ఉన్న జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో ఓపెన్ డే పెడతారు, తీసుకెళ్లండి. అత్తాపూర్‌లో వాళ్లదే లాకోన్స్ ఉంది, అంతరించే జంతువుల కోసం పెట్టిన ల్యాబు. 2006లో కృత్రిమ గర్భధారణతో మచ్చల జింక పిల్ల పుట్టింది వాళ్ల కృషితోనే. అండం, వీర్యకణం గురించి మన ఊళ్లోనే ఇంత పని జరుగుతోందని పిల్లలకు తెలియాలి.

—

దిల్‌సుఖ్‌నగర్_జువాలజీ
సోమవారం, రాత్రి 9:40

తప్పకుండా డాక్టర్ గారూ. ఇవాళ సెకండియర్ క్లాసులో పాఠం మళ్లీ చెప్పాను. బోర్డు మీద ఎనిమిది గుండ్రాలు గీసి, ‘ఇప్పటిదాకా మాట్లాడింది అమ్మే’ అన్నాను. వెనక బెంచీ పిల్ల ఒకతి లేచి అడిగింది: ‘మేడం, ఆ అండం, మా అమ్మ మా అమ్మమ్మ కడుపులో ఉన్నప్పుడే తయారైతే, నేను కొంచెం మా అమ్మమ్మ కడుపులో ఉన్నట్టా?’ అవునన్నాను. క్లాసు అంతా ఒక నిమిషం చప్పుడు లేదు.

—

వెన్నెల_కూకట్‌పల్లి
గురువారం, రాత్రి 9:05

నాలుగు రోజులు రాయలేదు, క్షమించండి. అన్నీ చదివాను. ఆదివారం రాత్రి మావారు కూడా చదివారు. కొండాపూర్ అన్నయ్యగారి పోస్టు దగ్గర ఫోన్ పక్కన పెట్టి చాలాసేపు బాల్కనీలో నిలబడ్డారు. మంగళవారం వెళ్లి ఆ డీఎన్‌ఏ పరీక్షకు ఇచ్చి వచ్చారు. రిపోర్టు రావాలి.

మామ్మగారూ, మీరు చెప్పినట్టే కాఫీ దగ్గర అత్తయ్యకు చెప్పాను. ‘పిండాలు అసలు మనింటికి రానే లేదు అత్తయ్యా, ల్యాబులోనే ఉన్నాయి’ అన్నాను. ఆవిడకు ఆ సంగతి తెలియదట. లోపల పెట్టేశారనే అనుకున్నారట ఇన్నాళ్లూ. ‘నాకెవరూ చెప్పలేదే’ అన్నారు. తర్వాత ఏం మాట్లాడలేదు. సాయంత్రం కూరగాయల సంచి తనే మూడో అంతస్తుకు మోసుకొచ్చారు, నన్ను దిగనివ్వలేదు. వద్దన్నా వినలేదు.

నిన్న క్లినిక్‌కి వెళ్లాం. దీపం మేడం చెప్పిన ప్రశ్న రాసుకుని వెళ్లి అడిగాను. మొదట తడబడ్డారు, తర్వాత రిజిస్టర్ తీసి చూశారు. ఆ వారం వేరే ముగ్గురివి ఐదో రోజుకు మామూలుగానే చేరాయట. ఆ కాగితం కాపీ ఇమ్మంటే పేర్లు కప్పి ఇచ్చారు. తర్వాతిసారి మూడో రోజు ఒకటి పెట్టడం గురించి కూడా రిపోర్టు వచ్చాక మాట్లాడదామన్నారు.

వచ్చేముందు మా పిండాల ఫొటోలు ఉన్నాయా అని అడిగాను. ల్యాబు మేడం కంప్యూటర్‌లో తీసి చూపించారు. మూడో రోజు పొద్దున తీసినవి. అన్నిటికన్నా బాగున్నదాన్ని పెద్దది చేసి చూపించారు. గుండ్రని గాజు గోళీలో సబ్బు బుడగలు ఇరుక్కున్నట్టుంది. నేను ఏడు లెక్కపెట్టాను. ఆవిడ పెన్ను చివరతో తెర మీద చూపించారు. ఎనిమిదోది వెనక ఉంది.